ఎర్రమంచి మిట్ట ఎక్కిన సాల్మన్ బండి

సాల్మన్‌కు బండి నడపడం ఎవరు నేర్పినారో మా ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. హార్మోనియం నేర్పింది మాత్రం పాస్టరమ్మ. మా చెన్నేకొత్తపల్లిలో హైవేకి పక్కగా రేకులు కప్పిన చర్చి ఒకటి ఉండేది. ఆదివారం పాటలు మొదలైతే సాల్మన్ కళ్లు మూసుకుని, తల కొంచెం ఎడమకు వంచి, పెట్టె మీద వేళ్లు కదిలించేవాడు. పాట అయిపోయినా తల అట్లాగే వంగి ఉండేది. పక్కవాళ్లు భుజం తడితే గానీ ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు. "వాడు పగటిపూటే కలలు కంటాడు" అని వాళ్లమ్మ అనేది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

ఇట్లాంటి మనిషి డ్రైవరు ఎట్లయినాడని కొత్తవాళ్లకు అనుమానం వచ్చేది. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం సాల్మన్ చూపు రోడ్డు వదిలేది కాదు. చెవులు మాత్రం బండి లోపల ఎక్కడో తిరుగుతుండేవి. ఇంజను గొంతులో చిన్న జీర వచ్చినా అతనికి తెలిసిపోయేది. ఆ జీర ఎందుకు వచ్చిందో తెలిసేది కాదు. అది చెప్పడానికి హిందూపురంలో మెకానిక్ యూనస్ ఉన్నాడు.

తొంభై రెండులోనో మూడులోనో సాల్మన్ ధర్మవరంలో పట్టు నూలు వ్యాపారం చేసే లక్ష్మీనారాయణ దగ్గర పనికి కుదిరినాడు. ఆయన దగ్గర పాత పికప్పు ఒకటి ఉండేది. ముందర జీపు మొహం, వెనక ఇనుప తొట్టి, తొట్టి మీద టార్పాలిను. హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి తీసిన నూలు కట్టలను అందులో వేసుకుని ధర్మవరం మగ్గాల వీధులకు తెచ్చి దించడం, మరునాడు పొద్దున్నే ఉత్త బండితో మళ్లీ హిందూపురం పోవడం సాల్మన్ పని. నూలు బరువేమీ ఉండదు. తొట్టి నిండా మబ్బులు వేసుకుని పోతున్నట్టు ఉండేదని తర్వాత ఎప్పుడో చెప్పినాడు.

ఆ బండిది పెట్రోలు ఇంజను. నెమ్మదైన గొంతు, పెద్ద దాహం. లక్ష్మీనారాయణ రెండేళ్లు ఓర్చుకుని, తొంభై అయిదు ఎండాకాలంలో ఆ ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించినాడు. యాడనో గుంతలో పడి నుజ్జయిన ఒక జీపులోంచి తీసిన ఇంజను అది. పడిన దెబ్బ ఇంజనుకు తగల్లేదు. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మొదట్లో ఉన్న యూనస్ షెడ్డులో ఆ పని జరిగింది.

యూనస్ సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఇంజను బిగించడానికి ముందే షావుకారుతో ఒక మాట అన్నాడు.

"ఇంజను ఒకటే మారిస్తే సాలదు సార్. టైర్లను తిప్పే వెనక యాక్సిలు హౌసింగు గూడా మార్సల్ల. లేకుంటే రెండిటికీ పొత్తు కుదర్దు."

"బండి నడుస్తుందా, నడవదా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"నడుస్తాది."

"అయితే చాలు."

బండి నడిచింది. కానీ ఊరు దాటి టాప్ గేరులో పడగానే కేక మొదలైంది. యాభై కూడా దాటక ముందే ఇంజను గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపులో పెద్ద శ్రమ ఉన్నట్టు ఉండేది గానీ వేగం మాత్రం రాలేదు. సరుకు లారీలు పక్కనుంచి సర్రున దాటిపోయేవి. ధర్మవరం చేరి బండి ఆపినాక కూడా సాల్మన్ చెవుల్లో ఆ కేక అట్లాగే నిలిచి ఉండేది. అన్నం తింటున్నా వినిపించేది. పడుకుంటే దిండులోంచి వినిపించేది.

ఆ రోజుల్లోనే అతనికి జయమ్మ పరిచయమైంది.

పెనుకొండకూ మా ఊరికీ నడుమ, ఎర్రమంచి దగ్గర్లో రోడ్డు ఒక మిట్ట ఎక్కుతుంది. ఇప్పుడు చూస్తే మిట్ట అనిపించదు. అప్పుడు మాత్రం మా పక్క నుంచి పోయే బండ్లన్నీ ఆడ రెండో గేరుకు రావలసిందే. ఒక పొద్దున మిట్ట మీదికి వచ్చేసరికి రేడియేటరు పొగలు కక్కింది. సాల్మన్ బండి పక్కకు తీసి నీళ్ల కోసం చూస్తుంటే, రోడ్డుకు అవతల చింతచెట్ల వెనక ఒక పెంకుటిల్లు కనిపించింది. ఇంటి ముందర ఒక మనిషి సీతాఫలాలు ఏరి గంపలో పేరుస్తా ఉంది. ముప్పై లోపు వయసు. చామనచాయ. చీర కొంగు నడుముకు బిగించి ఉంది.

అడగక ముందే కడవతో నీళ్లు తెచ్చింది. సాల్మన్ మూత తీసి, ఆవిరి తగ్గేదాకా నిలబడి, నీళ్లు పోసినాడు. ఆమె కడవ తీసుకుంటా అడిగింది.

"యాడికి పోతాండావప్పా?"

"హిందూపురం."

"బండి ఉత్తదే కదా. ఈ గంపలు మార్కెట్టు కాడ దించుతావా? బస్సులో ఏసుకుపోతే పండ్లన్నీ నలిగిపోతాండాయి."

సాల్మన్ తొట్టిలో పాత పట్టాలు పరిచి గంపలు ఎక్కించుకున్నాడు. సాయంత్రం నూలుతో తిరిగి వస్తా ఉత్త గంపలు చింతచెట్టు మొదట్లో పెట్టి పోయినాడు. మరుసటి రోజు పొద్దున అతను మిట్ట ఎక్కేసరికి ఆమె మళ్లీ గంపలతో రోడ్డు పక్కనే ఉంది. ఆ తర్వాత అది రోజూ జరిగే పనయింది. పెద్దగా మాటలేమీ ఉండేవి కావు. గంప ఎక్కించేటప్పుడు ఆమె ఒక పక్క పట్టేది, అతను ఒక పక్క. "ఈ పొద్దు పండ్లు మెత్తగుండాయి, నిదానంగా పో" అనేది. "సరే" అనేవాడు. ఎక్కువ రోజులు అంతే.

జయమ్మకు అమ్మా నాయనా లేరు. అవ్వతో ఉండేది. అవ్వను చూసుకోవడంలో పెండ్లి మాట ఒకటి రెండు సార్లు వచ్చి వెనక్కి పోయింది. కొండ అంచున సీతాఫలాలు, వేసవిలో చింతపండు, నడుమ కూలి పనులు. అదీ వాళ్ల బతుకు.

సాల్మన్‌కు ఒక సంగతి ఆశ్చర్యంగా ఉండేది. అతను వచ్చే వేళ ఎప్పుడూ ఒకటే కాదు. ఒక రోజు పొద్దున్నే, ఒక రోజు ఎండెక్కినాక. ఎప్పుడొచ్చినా జయమ్మ రోడ్డు పక్కన ఉండేది. ఎట్ల తెలుస్తాదో అడగాలని నోటిదాకా వచ్చేది, అడగకుండానే గేరు వేసి కదిలిపోయేవాడు. పెనుకొండ కోట గోడ ఎండలో మెరిసేదాకా అదే ఆలోచన.

సీతాఫలాల కాలం ముగిసే ముందు ఒక ఆదివారం, పాట సగంలో ఉండగానే పాస్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఏందబ్బా సాల్మను, అంత పైన పట్టుకున్నావు? ముసలోళ్లకు గొంతు అందడంల్యా."

సాల్మన్ కళ్లు తెరిచి చూసినాడు. వేళ్లు ఎప్పుడూ పెట్టే చోట లేవు. నాలుగైదు మెట్లు పైన ఉన్నాయి. తనకు తెలీకుండానే బండి కేకకు శ్రుతి కలుపుతున్నాడు. వెనక వరసలో ఆడవాళ్లు నవ్వినారు. అతను మాత్రం నవ్వలేదు. ఆ రోజంతా హార్మోనియం ముట్టుకోలేదు.

మరునాడు పొద్దున నేరుగా యూనస్ షెడ్డుకు పోయినాడు.

"యూనస్ భాయ్, ఆ ఇంజను అట్ల ఎందుకు ఏడుస్తాదో నాకు చెప్పు. తెలుసుకుంటే కొంచెం ఓర్చుకుంటా."

యూనస్ చేతులు తుడుచుకుని, మూలన పడి ఉన్న ఒక పాత యాక్సిలు తెచ్చి ఇద్దరి నడుమ పెట్టినాడు. లోపల పెద్ద పళ్ల చక్రం, దానికి ఆనుకుని చిన్నది.

"ఈ సిన్నది ఇంజను తిప్పుతాది. పెద్దది టైర్లను తిప్పుతాది. మీ బండిలో సిన్నది అయిదు సుట్లు దాటి తిరిగితే గానీ టైరు ఒక సుట్టు తిరగదు. పెట్రోలింజనుకు అది సరే. అది పరిగెత్తే గుర్రం. బిరబిరా తిరుగుతాది, అంత బలం ఉండదు. ఈ డీజిలింజను ఎద్దు మాదిరి. నిదానంగా తిరుగుతాది, బలంగా లాగుతాది. ఎద్దును తీసుకొచ్చి గుర్రం మాదిరి పరిగెత్తమంటాండాం. అందుకే ఆ కేకలు."

"ఏం చెయ్యాల మరి?"

"తక్కువ సుట్లకే టైరు తిరిగే జత పెట్టల్ల. నాలుగు సుట్లు, ఇంగ కొంచెం. గుజరీలో సూస్తా."

పాత ఇనుప సామాన్లు అమ్మే అంగళ్లను హిందూపురంలో గుజరీ అంటారు. యూనస్ పది రోజుల్లో అట్లాంటి యాక్సిలు ఒకటి వెతికి పెట్టినాడు. అరుపు తగ్గితే డీజిలూ కొంత తగ్గుతుందని తెలిసి షావుకారు ఒప్పుకున్నాడు.

ఆ యాక్సిలు బిగించి బండి మొదటిసారి రోడ్డు ఎక్కిన పొద్దును సాల్మన్ చాలా ఏళ్లు తలుచుకునేవాడు. హిందూపురం దాటి టాప్ గేరు వేసినాడు. కేక రాలేదు. ఇంజను అడుగున ఎక్కడో, నిద్రపోయే మనిషి ఊపిరి మాదిరి ఒక గొంతు. మిగతా శబ్దాలన్నీ అప్పుడే పుట్టినట్టు వినపడసాగినాయి. టార్పాలిను అంచు గాలికి కొట్టుకోవడం, శెనిక్కాయ చేలల్లో కౌజుపిట్టల పిలుపు, టైరు కింద కంకర. స్పీడు ముల్లు నలభై మీదే నిలబడి ఉంది. కానీ చెట్లు మాత్రం ఎప్పటికన్నా వేగంగా వెనక్కి పోతున్నాయి. బండి నిలబడి ఉంటే రోడ్డే కిందినుంచి జారిపోతున్నట్టుంది. కొండలు నేల మీద ఆని లేవు, తేలుతున్నాయి. పెనుకొండ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ధర్మవరంలో బండి ఆపినాక కూడా కిందికి దిగబుద్ధి కాక కొంచెంసేపు అట్లాగే కూర్చున్నాడు.

ముల్లు అబద్ధం చెబుతోందని యూనస్ తర్వాత చెప్పినాడు. ఆ మీటరు గేరు పెట్టె తిరిగేది చూసి లెక్క చెబుతుంది. వెనక పళ్ల చక్రాలు మారిన సంగతి దానికి తెలీదు. అది నలభై చూపిస్తే బండి యాభై మీద పోతున్నట్టు.

"సరిచేయించాలా?" అన్నాడు యూనస్.

"వద్దులే భాయ్. అట్లే ఉండనీ" అన్నాడు సాల్మన్.

యాక్సిలు మారిన మరుసటి పొద్దున ధర్మవరం నుంచి బయలుదేరి మిట్ట ఎక్కినాడు. చింతచెట్ల కింద ఎవరూ లేరు. బండి నిలిపి చూసినాడు. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది, పొయ్యి పొగ వస్తోంది. హారన్ మీద చెయ్యి పెట్టి తీసేసినాడు. ఇన్నాళ్లూ ఆమెను పిలిచే పని పడలేదు. ఇప్పుడు హారన్ కొడితే ఒక ఆడమనిషిని ఇంట్లోంచి పిలిచినట్టు ఉంటుంది. గంపలు వేరే ఎవరికో వేసిందేమో. పండ్లు అయిపోయినాయేమో. కొంచెంసేపు ఉండి కదిలిపోయినాడు. రెండో రోజూ అంతే. ఆ తర్వాతి రోజు ఆపకుండానే, నిదానంగా చూసుకుంటా పోయినాడు. బండి అంత మెత్తగా పోతున్నా అతనికి ఆ సుఖం అందలేదు.

అట్లా వారం దాటింది. ఒక పొద్దున పెనుకొండ బస్టాండు ముందర జనంలో జయమ్మ కనిపించింది. నెత్తి మీద గంప, చంకలో ఇంకో చిన్న గంప. బస్సు ఎక్కడానికి చోటు లేక పక్కన నిలబడి ఉంది. సాల్మన్ బండి ఆపి దిగినాడు. ఆమె బండిని చూసింది, అతన్ని చూసింది. గంప దించలేదు.

"ఇదే బండా?" అంది.

"అదే."

"ఇంగో దోవన పోతాండావేమో అనుకుంటి."

"లేదే. రోజూ మిట్ట మీదనే పోతాండా. నువ్వే కనపడలేదు."

జయమ్మ గంప దించి తొట్టి అంచున ఆనించింది. "నీ బండి కొత్తపల్లి పక్కనుంచి ఏడ్సుకుంటా వస్తాంటే, అది మైలు దూరంలో ఉండంగానే నాకు వినిపించేది. పొయ్యి మీది చట్టి దించి, గంపలు ఎత్తుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు పిల్లి మాదిరి వచ్చి పోతే నాకెట్ల తెలుస్తాది?"

ఇన్నాళ్లూ తన చెవులు పగలగొట్టిన ఆ కేక కోసం ఒక మనిషి పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూసిందని సాల్మన్‌కు అప్పుడే తెలిసింది.

"వెనక యాక్సిలు మార్పించినా" అన్నాడు.

"హారన్ కొట్టొచ్చు గదా."

"కొడితే నిన్ను పిలిచినట్టు ఉంటాది."

"పిలిస్తే ఏమైతాది?" అంది జయమ్మ. అని గంప తొట్టిలోకి తోసింది.

ఆ మరునాటి నుంచి సాల్మన్ మిట్ట ఎక్కగానే హారన్ ఒకసారి, చిన్నగా కొట్టేవాడు. గంపలు ఎక్కించడానికి పట్టే సమయం కూడా ఎందుకో పెరిగింది. సీతాఫలాలు అయిపోయినాక కూడా ఏదో ఒకటి ఉండేది. ఒక రోజు జామకాయలు, ఒక రోజు ఆకు కూర. ఏమీ లేని రోజున అవ్వకు మందు తెచ్చే పని.

తొంభై ఆరు ఎండలు ముదిరేసరికి చింతపండు వచ్చింది. హిందూపురం చింతపండు మార్కెట్టుకు చుట్టుపక్కల ఊళ్లన్నీ సరుకు తోలే కాలం అది. జయమ్మ మాట మీద ఆ పక్క ఆడవాళ్లు కూడా మూటలు తెచ్చినారు. ఉత్త బండి కాబట్టి, అడిగింది సాల్మనే కాబట్టి షావుకారు కూడా కాదనలేదు. మూటలన్నీ మిట్టకు దిగువన, ఒక తోపులో కుప్ప వేసి ఉన్నాయి. అక్కడ ఎక్కించుకుని మిట్ట ఎక్కాలి. తొట్టి నిండింది. జయమ్మ ముందు సీట్లో, మిగతా ఇద్దరు వెనక మూటల మీద.

మిట్ట సగం ఎక్కేసరికి బండి దమ్ము పోయింది. రెండో గేరులో గురకలు పెట్టి, మొదటి గేరుకు వచ్చి, వణికి, నిలబడిపోయింది. సాల్మన్ మళ్లీ క్లచ్చి వదిలినాడు. బండి ముందుకు పోకపోగా వెనక్కి జారింది. కాలిన వాసన వచ్చింది. జయమ్మ తలుపు తీసి దూకి, రోడ్డు పక్కన రాయి ఒకటి రెండు చేతులతో ఎత్తుకొచ్చి వెనక టైరు కింద వేసింది. వెనక ఉన్నవాళ్లు దిగి ఇంకో రాయి తెచ్చినారు. బండి ఆగింది.

సగం మూటలు దించి, రెండు విడతలుగా పైకి తీసుకుపోయి, నలుగురూ చింతచెట్ల నీడన కూర్చున్నారు. కోపం ఎవరికీ లేదు. జయమ్మ మూటల లెక్క చూసుకుని సాల్మన్ పక్కన కూర్చుంది.

"ముందర అరిచినా గానీ ఎక్కేది. ఇప్పుడు అరవదు, ఎక్కదు" అంది.

"నూలుకు సరిపోయింది. చింతపండుకు చాల్లేదు."

"రెండిటికీ సరిపొయ్యేది ఉండదా?"

అదే ప్రశ్న సాల్మన్ యూనస్‌ను అడిగినాడు. యూనస్ టీ తెప్పించినాడు. తాగినాక అన్నాడు. "ఉండాది. మధ్యది ఒకటి ఉంటాది. అయిదు సుట్లకు కొంచెం తక్కువ. అరుపు పూర్తిగా పోదు, లాగుడు పూర్తిగా రాదు. కానీ రెండూ సగం సగం కంటే కొంచెం ఎక్కువే వస్తాయి. అది ఈడ దొరికేది కష్టం సాల్మన్ భాయ్. దొరికేదాకా తిరగల్ల."

తిరిగినారు. మూటలు దించినాక, నూలు తయారయ్యేదాకా ఖాళీ ఉంటుంది. ఆ వేళల్లో సాల్మన్, జయమ్మ హిందూపురం గుజరీ అంగళ్లన్నీ చుట్టినారు. జయమ్మ చింతపండు అమ్మడానికి వచ్చి, అది అమ్ముడుపోయేదాకా ఏమి చెయ్యాలి అన్నట్టు అతని వెంట నడిచేది. గుజరీ వీధి వేరే లోకం. తుప్పు రంగు తప్ప ఇంకో రంగు ఉండదు. విరిగిన కుట్టుమిషన్లు, సైకిలు చక్రాలు, ఏ ఊరి నుంచి వచ్చినాయో తెలీని తలుపుల గొళ్లేలు. జయమ్మ ప్రతి వస్తువు ముందరా నిలబడేది. "ఇది ఎవురిదయ్యుంటాది?" అని అడిగేది. సాల్మన్‌కు తోచింది చెప్పేవాడు. ఒక రోజు విరిగిన ఊయల గొలుసు చూసి, దాని మీది తుప్పు కొంగుతో తుడిచి పక్కన పెట్టింది.

ఒక అంగడి వెనక, వేపచెట్టు కింద, మూడు నాలుగు యాక్సిళ్లు పడి ఉన్నాయి. అంగడాయన ఫకీర్ సాబ్ ముసలాయన. "సూసుకోండి, సూసుకోండి" అని నులక మంచం మీద పడుకున్నాడు. యూనస్ చెప్పి పంపిన ఉపాయం ఒకటి ఉంది. పెద్ద చక్రం మీద సుద్దతో గీత గీయాలి. చిన్నదాన్ని చేత్తో తిప్పుతా లెక్క పెట్టాలి. గీత మళ్లీ మొదటి చోటికి వచ్చేసరికి ఎన్ని చుట్లయినాయో చూడాలి.

సాల్మన్ తిప్పినాడు. జయమ్మ గొంతుక్కూర్చుని గీతను చూస్తా ఉంది. మొదటి దానికి అయిదు దాటినాయి. అది పాత జత మాదిరిదే. రెండోదానిలో పళ్లు విరిగి ఉన్నాయి. మూడోది తిప్పేటప్పుడు వేపపూలు రాలి చక్రాల నడుమ పడినాయి. జయమ్మ వాటిని వేలితో తీసింది.

"నిదానంగా తిప్పు" అంది. "మూడు... నాలుగు... ఇంగా రాలేదు... వస్తాండాది, వస్తాండాది. ఆపు."

అయిదో చుట్టు పూర్తి కాలేదు. కొంచెం మిగిలింది. గీత సరిగ్గా పైకి వచ్చి నిలిచింది.

సాల్మన్ చెయ్యి దాని మీదే ఉంచినాడు. జయమ్మ చూపు కూడా ఆ గీత మీదే ఉంది. ఆ పూట ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు యాక్సిలు తొట్టిలో ఉంది. జయమ్మ మిట్ట దగ్గర దిగుతా, "అవ్వతో వచ్చి మాట్లాడు" అందని మాత్రం తర్వాత తెలిసింది.

మధ్య యాక్సిలు బిగించినాక బండి గొంతు మళ్లీ మారింది. నిద్రపోయే ఊపిరి కాదు, పాత కేకా కాదు. నడుస్తా నడుస్తా తనలో తాను ఏదో కూనిరాగం తీసే మనిషి మాదిరి ఉండేది. చింతపండు మూటలతో మిట్ట ఎక్కేటప్పుడు మూలిగేది గానీ నిలబడేది కాదు. చర్చిలో సాల్మన్ శ్రుతి కూడా కిందికి దిగి, ముసలోళ్లకు గొంతు అందడం మళ్లీ మొదలైంది.

అవ్వ దగ్గరికి సాల్మన్ ఒక్కడే పోయినాడు. పండ్లు తీసుకుపోవాలని తోచింది గానీ పండ్లమ్మే ఇంటికి పండ్లేమి తీసుకుపోవాలని బిస్కెట్లు కొన్నాడు. అవ్వకు చూపు సగమే. అతన్ని దగ్గరికి పిలిచి మొహం తడిమి చూసింది.

"బండి నీదేనా నాయనా?"

"కాదవ్వా. షావుకారుది."

"ఇల్లుండాదా?"

"కొత్తపల్లిలో ఒక గది ఉండాది. అమ్మ ఉండాది."

"మీరు చర్చికి పోతారంట గదా."

"పోతామవ్వా."

కులం ఒకటే, దేవుళ్లే ఇద్దరు. మా పక్క ఇళ్లల్లో అది ఉండే సంగతే. "దానికి ఆదివారం పొద్దున్నే కూలి ఉంటాది. రాకపోతే ఏమీ అనుకోకూడదు" అంది అవ్వ. ఒప్పుకున్నట్టే.

"ఇంగోటి" అంది. "నేను ఈడ నుంచి కదిలేదాన్ని కాదు. ఇది నన్ను ఇడిసిపెట్టి రాదు."

"ఎవురూ కదలొద్దవ్వా. నేనే ఈడికి వస్తా" అన్నాడు సాల్మన్.

తొంభై ఏడులో పెండ్లి చర్చిలో జరిగింది. యూనస్ వచ్చినాడు. షావుకారు రెండు పట్టు చీరలు పంపినాడు. సాల్మన్ వాళ్లమ్మ కూడా ఏడాది తిరక్కుండానే మిట్ట మీది ఇంటికే వచ్చేసింది. ఇద్దరు ముసలమ్మలూ చింతచెట్ల కింద చింతపండు కొట్టుకుంటా పొద్దు పుచ్చేవాళ్లు. తొంభై తొమ్మిదిలో ఆడపిల్ల పుట్టింది. పేరు సంగీత అని పెట్టినారు. ఆ పేరు సాల్మన్ పెట్టినాడనే అందరూ అనుకున్నారు. జయమ్మ పెట్టిందట.

రెండు వేలు దాటినాక పట్టు నూలు తెప్పించే పద్ధతులు మారిపోయినాయి. లక్ష్మీనారాయణ వ్యాపారం తగ్గించుకుని, ఆ పాత పికప్పును సాల్మన్‌కే ఇచ్చేసినాడు. కొంచెం కొంచెంగా తీర్చుకొమ్మని చెప్పినాడు, తీరిపోయింది. ఆ పైన మార్కెట్టే వాళ్ల బతుకు. సీతాఫలాలు, చింతపండు, చిలమత్తూరు పక్క నుంచి పూలు. అవ్వ ఆ రోజుల్లోనే నిద్రలో పోయింది. పొద్దున పిలిస్తే పలకలేదు.

తర్వాత రోడ్డు వెడల్పు పనులు వచ్చినాయి. పెద్ద పెద్ద యంత్రాలు మిట్టను నడుమకు కోసి, కిందికి దించినాయి. రెండు పక్కలా ఎర్రటి మట్టి గోడలు నిలబడినాయి. రోడ్డు వాటి నడుమ చదునుగా పోయింది. మూడు చింతచెట్లు పోయినాయి. ఇల్లు మిగిలింది. ఇంటి నుంచి చూస్తే బండ్లు కనపడవు, వాటి పైభాగాలు మాత్రం కదులుతా కనపడతాయి. నీళ్లలో తేలే పెట్టెల మాదిరి ఉన్నాయనేది సంగీత.

యూనస్ షెడ్డులోనూ పని తగ్గింది. కొత్త చిన్న పికప్పులు వచ్చినాయి. "ఇప్పుడు అన్నీ కంపెనీలోనే కుదిర్చి పంపుతాండారు భాయ్. ఇంజనుకు ఏ యాక్సిలో వాళ్లే సూసుకుంటాండారు. మనం ఆయిలు మార్సేదే" అన్నాడు. అందులో బాధ ఉందో లేదో సాల్మన్‌కు తెలియలేదు.

రెండు వేల ఎనిమిదిలో పాత బండి ఇచ్చేసి అట్లాంటి కొత్తది ఒకటి తీసుకున్నారు. అప్పటికి సాల్మన్ ఎడమ మోకాలు బాగా వాచిపోయి ఉంది. ఇన్నేళ్లు ఆ బిగుసుకుపోయిన క్లచ్చి తొక్కి తొక్కి అరిగిందని పెనుకొండ ఆస్పత్రిలో డాక్టరు చెప్పినాడు. కొన్ని నెలలు బండి నడపొద్దన్నాడు.

"నాకు నేర్పు" అంది జయమ్మ.

సాల్మన్ నేర్పినాడు. ఎర్రమంచి పక్క బీడు పొలాల్లో, ఎండ తగ్గినాక. ఆమె నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. గేరు ఎప్పుడు మార్చాలో అతను చెప్పక ముందే మార్చేది. "ఎట్ల తెలుస్తాండాది?" అని అడిగితే, "ఇన్నేండ్లు పక్కన కూసుని ఇంటా ఉంటి గదా" అంది.

లైసెన్సు వచ్చినాక, సీతాఫలాల కాలం మొదట్లో ఒక పొద్దున ముగ్గురూ హిందూపురం బయలుదేరినారు. జయమ్మ స్టీరింగు దగ్గర, నడుమ సంగీత, ఎడమ పక్క సాల్మన్. వాన కురిసి వెలిసి ఉంది. అతను ఆ దోవలో పదిహేనేండ్లకు పైగా తిరిగినాడు గానీ ఎడమ కిటికీలోంచి ఎప్పుడూ చూడలేదు. చూపు ఎప్పుడూ తారు మీదే ఉండేది. ఇప్పుడు చూస్తే రోడ్డు పక్కన అతనికి తెలీని ఒక దేశం ఉంది. మడుగుల్లో ఆకాశం, మేకల వెనక గొడుగు పట్టుకున్న ముసలాయన, కొండ మీద సగం మబ్బులోకి పోయిన పాత బురుజు, చేను గట్టున ఎవరో ఆరేసిన పచ్చ చీర.

"అదేం ఊరు?" అని అడిగినాడు.

"సోమందేపల్లి" అంది జయమ్మ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ ఊరి మీదుగా అతను ఎన్ని వందలసార్లు పోయినాడో. ఈ పక్క నుంచి చూస్తే అది వేరే ఊరు. సంగీత ఏదో అడుగుతోంది, సాల్మన్ జవాబు చెబుతున్నాడు, మాటలు మెల్లమెల్లగా పలచబడినాయి. హిందూపురం ఇంకా దూరం ఉండగానే కునుకు పట్టి అతని తల కిటికీకి ఆనింది. జయమ్మ ఒకసారి పక్కకు చూసి, బండి వేగం కొంచెం తగ్గించింది.